కేకు ఉడికేటప్పుడు అనకూడని మాటలు

మా బాబాయి చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పబోయేవాటికి అడ్డు రాకుండా ఉంటుంది. నన్ను కువైట్‌కు రప్పించింది ఆయనే. నా తరఫున పూచీ ఉండే అరబ్బు యజమానిని, అంటే కఫీల్‌ను, మాట్లాడిపెట్టింది ఆయనే. విమానాశ్రయానికి ఎదురొచ్చిందీ ఆయనే. వచ్చి, నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసి, "ఏంట్రా, ఫొటోలో ఇంకొంచెం బాగున్నావే" అన్నాడు. ఆయన స్వాగతం పలికే పద్ధతి అది.

బాబాయి సబ్హాన్‌లో ఒక గోదాములో స్టోర్‌కీపరు. వచ్చిన సరుకులో పగిలినవీ, వంగినవీ, తక్కువ పడినవీ పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగానికి శుక్రవారం సెలవుండేది గానీ ఆ చూపుకు ఉండేది కాదు. ఫర్వానియాలో మన జిల్లాలవాళ్ళతో కలిసి ఉండే గదిలో నుంచి ఆ చూపును వెంటబెట్టుకుని బయల్దేరి, బస్సు మారి, అబూ హలీఫాలో మా ఫ్లాటుకు భోజనానికి వచ్చేవాడు. లోపలికి రాగానే గోడలు, కర్టెన్లు, నేను, మా ఆవిడ, కూర. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

రెండేళ్ళకోసారి సెలవు మీద కోనసీమలో మా ఊరు వెళ్ళినప్పుడు ఆయనకు ఇంకో ఉద్యోగం ఉండేది. మా ఇంటి అరుగు మీద కూర్చుని, కువైట్‌లో ఉన్న మనవాళ్ళందరి వైనాలూ చెప్పేవాడు. ఎవరు లావయ్యారు, ఎవరి భార్య ఎంత బంగారం కొన్నది, చుక్క దొరకని దేశంలో కూడా ఎవడు తాగుతున్నాడు. ఊళ్ళో సగంమంది పని మానుకుని వచ్చి వినేవారు. ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడేవాడు కాదు. వచ్చిన చిక్కల్లా అదే.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. మా ఆవిడ కాపురానికి వచ్చాక అది రెండో చలికాలం. మా ఇళ్ళల్లో ఉత్తరాలు రాసే ఓపిక లేనివాళ్ళు క్యాసెట్టులో మాట్లాడి, వచ్చేవాళ్ళ చేత పంపించేవారు. మా అమ్మ క్యాసెట్టు ఒకటి వచ్చింది. టేప్‌రికార్డరు ముందు నేనూ మా ఆవిడా కూర్చున్నాం. మొదట కాసేపు వెనకాల రోట్లో పప్పు రుబ్బుతున్న చప్పుడు. అది యాదృచ్ఛికం అని మా ఆవిడ ఈరోజుకీ నమ్మదు.

"నాన్నా, నీ ఫొటో చూశాను. బుగ్గలేవిరా? మీ నాన్నగారు కూడా అడిగారు బుగ్గలేవని. కోడలికి వంట రాదని నేనట్లేదు. వచ్చని మాత్రం నాతో ఎవరూ చెప్పలేదు. మరిది సెలవు మీద వస్తున్నాడుగా, ఆయన ఏం చెబుతాడో విందాం. ఆ తర్వాత అవసరమైతే అమ్మాయిని ఓ ఏడాది నా దగ్గరకి పంపించెయ్యి. చెయ్యి తిరిగాక నేనే పంపిస్తాను."

మా ఆవిడ క్యాసెట్టు వెనక్కి తిప్పి ఆ చివరి ముక్క మళ్ళీ విన్నది.

"ఏడాదా అండీ?"

"అవసరమైతే అంది."

"మీ బాబాయిగారు చెప్పాక అవసరం పడకుండా ఉంటుందా!"

నిజమే. ఆవిడకు వెళ్ళడం ఇష్టం లేదు. పుట్టింట్లో వంటిల్లు వాళ్ళమ్మది, అత్తవారింట్లో వంటిల్లు మా అమ్మది. ఈ అబూ హలీఫా వంటిల్లు, మూడడుగులు వేస్తే గోడ తగిలేదే అయినా, జీవితంలో మొదటిసారి ఆవిడ మాట వింటున్న వంటిల్లు. నాకూ ఆవిడ వెళ్ళడం ఇష్టం లేదు. కారణాలు ఇక్కడ రాయను. పెళ్ళయిన కొత్త.

వంట రాదన్నది పూర్తిగా అన్యాయమైన మాట. అయితే మా ఆవిడ ఆ రోజుల్లో చేస్తున్న వంట మా అమ్మకు వంటలా కనిపించేది కాదన్నది పూర్తిగా నిజం. దానికి ఎదురు ఫ్లాటులో ఉన్న చైనీయుల కుటుంబం కారణం.

వాళ్ళు చైనా నుంచి వచ్చినవాళ్ళు కాదు, మలేషియాలోని పెనాంగ్ నుంచి వచ్చిన చైనీయులు. ఇంటాయన నూనె కంపెనీలో పైపుల అతుకులు తనిఖీ చేసేవాడు. ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన భార్యకు నలభై దాటి ఉంటాయి. మా ఆవిడ ఆవిడను అక్క అనేది, ఆవిడ మా ఆవిడను సిస్టర్ అనేది. ఇద్దరికీ ఇంగ్లీషు చెరి సగం వచ్చు. కలిపితే ఒకటయ్యేది.

ఆ అక్క వంట పొయ్యిమీద పెట్టిందనుకునేలోగా దించేసేది. ఇనప మూకుడు పొగలు వచ్చేదాకా కాల్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి పడేసి, కడిగిన ఆకుకూర చేత్తో విసిరి, రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, అయిపోయిందనేది. చేపకు అల్లం ముక్కలు అద్ది పళ్ళెంలో పెట్టి ఆవిరి మీద ఉడికించేది. గుడ్డు గిలక్కొట్టి, నీళ్ళు కలిపి, అదీ ఆవిరి మీదే. జున్నులా వణుకుతూ వచ్చేది. పొద్దున పూట బియ్యం మెత్తగా ఉడికించి జావలా కాచి, వేరుశనగపప్పులు చల్లి పెట్టేది. మా ఆవిడ అది చూసి, "ఇది మన గంజన్నమే కదండీ. మాగాయ ఉంటే ఇంకా బాగుంటుంది" అని ఇంట్లోంచి మాగాయ పట్టుకెళ్ళింది. అక్క ఆ మాగాయ తిని, ఆ సీసా తిరిగి ఇవ్వలేదు. స్నేహం అలా మొదలైంది. బదులుగా మా చారు నేర్చుకుంది. అది అన్నంలో కలుపుకోకుండా గ్లాసులో పోసుకుని టీ తాగినట్టు తాగేది.

మా ఆవిడ ఈ పద్ధతులన్నీ మా ఇంట్లో పెట్టేసింది. నాకు చాలా సుఖంగా ఉండేది. సబ్హాన్ ఆఫీసులో రోజంతా లెక్కలు రాసి వచ్చేసరికి వంటా అయిపోయేది, గిన్నెలు కడగడమూ అయిపోయేది. బుగ్గలు మాత్రం రాలేదు. అవి నాకు చిన్నప్పుడూ లేవు. మా అమ్మ గుర్తుపెట్టుకోవడం ఇష్టంలేక మర్చిపోయింది.

బాబాయి ఒక శుక్రవారం ఆ ఆవిరి చేప చూశాడు. పళ్ళేన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"అమ్మాయ్, దీనికేమైనా జొరమా?"

"లేదు మావయ్యగారండీ. ఆవిరి మీద ఉడికించాను."

"పులుసు పెట్టే ఉద్దేశం లేనప్పుడు చేపని చంపడం పాపం, తెల్సా?"

అని తిన్నాడు. తింటూ నా వైపు తిరిగి, "వదినకి చెప్పాలి" అన్నాడు. ఎప్పుడూ తలవంచుకుని వినే మా ఆవిడ ఆ రోజు తల ఎత్తి ఆయన్ను చూసింది. నాకు ఆ చూపు కొత్త.

బాబాయి ప్రయాణం దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే అక్కవాళ్ళ కొత్త సంవత్సరం కూడా వస్తోంది. ఆవిడ వంటింట్లో పండగ పిండివంటలు మొదలయ్యాయి. మొదటి రోజు పల్లీలు వేయించి, పొట్టు ఊది, పంచదారతో దంచి, చిన్న చిన్న పూరీల్లో పెట్టి అంచులు మడిచి నూనెలో వేసింది. మా ఆవిడ సాయానికి వెళ్ళి వచ్చి, "ఏవండీ, అవి మన కజ్జికాయలు. అంచు మెలిక కూడా మనదే" అంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో అని నేనన్నాను. పండగ పూట అలాంటి ఆరాలు తీయకూడదని, రెండు దేశాల మధ్య తగువులు అలాగే వస్తాయని మా ఆవిడ అంది. రెండో రోజు అనాసపండు పాకం పెట్టిన బిస్కట్లు. వాటికి మన దగ్గర పోలిక దొరక్క ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకుంది.

అన్నిటికంటే పెద్ద వంట జిగురు కేకు. అది లేకపోతే వాళ్ళకు పండగే లేదు. పెనాంగ్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న జిగురు బియ్యప్పిండి, పంచదార పాకం కలిపి, గిన్నెల్లో పోసి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆవిరి మీద ఉడికించాలి. గిన్నెల్లో అరిటాకులు పరవాలట. కువైట్‌లో అరిటాకు కంటే అరబ్బీ గుర్రం తేలిగ్గా దొరుకుతుంది. అందుకని పాలపొడి డబ్బాల్లో నూనె రాసిన కాగితం చుట్టి సిద్ధం చేసింది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆవిడది కరెంటు పొయ్యి. ఆ పెద్ద ఆవిరి గిన్నె దాని మీద పెడితే తమలపాకు మీద గుమ్మడికాయ పెట్టినట్టుంది. మాది గ్యాసు పొయ్యి. మీ ఇంట్లో చేసుకోవచ్చా అని మా ఆవిణ్ణి అడిగింది. అడుగుతూ ఒక నియమం చెప్పింది.

కేకు ఆవిరి మీద ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ చెడ్డ మాట అనకూడదు. తిట్టకూడదు, వంక పెట్టకూడదు, విసుక్కోకూడదు. అసలు ఉడుకుతోందా లేదా అని అనుమానంగా కూడా అడగకూడదు. అంటే కేకు అలుగుతుంది. మధ్యలో పచ్చిగా, నీళ్ళోడుతూ ఉండిపోతుంది. ఇక ఆ ఏడాదంతా ఆ ఇంటికి మంచి జరగదు.

"పోయినేడు అలాగే పాడయింది సిస్టర్. మా ఆయన లోపలికొచ్చి ఏదో మాడుతున్న వాసన వస్తోంది అన్నాడు."

"నిజంగా మాడిందా అక్కా?"

"మాడింది. అయినా అనకూడదు."

ఆయన అప్పట్నుంచే మాట్లాడటం మానేసి ఉంటాడని నా అనుమానం.

ఏ రోజు పెట్టుకుందామని అక్క అడిగింది. మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "శుక్రవారం అక్కా" అంది. అక్కకు బాబాయి సంగతి తెలియదు. మా ఆవిడకు తెలుసు. ఆ జవాబులో ఉన్న తొందర నాకు కొంచెం తేడాగా అనిపించింది గానీ, పెళ్ళయిన కొత్తల్లో మగవాడికి అన్నీ అలాగే అనిపిస్తాయి.

శుక్రవారం పొద్దున్నే ఆవిరి గిన్నె మా పొయ్యి ఎక్కింది. అక్క గరిటె పట్టుకుని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కిటికీ అద్దాలన్నీ చెమట పట్టాయి. బాబాయి వచ్చేసరికి ఇల్లంతా పాకం వాసన, పొగమంచు. వాకిట్లో నిలబడి అలవాటుగా నోరు తెరిచాడు.

"ఏంట్రా అబ్బాయ్, ఇల్లంతా ఈ..."

"మావయ్యగారండీ, ఆగండి!" అంటూ మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నియమమంతా చెప్పింది. బాబాయి నవ్వాడు.

"చైనావోళ్ళ పట్టింపులు మనకెందుకే?"

"మనకు మాత్రం లేవా అండీ? తథాస్తు దేవతలు లేరూ?"

బాబాయి మొహంలో నవ్వు ఆగిపోయింది. ఈ సంగతి చెప్పాలి. సంధ్యవేళ ఆకాశంలో తిరుగుతూ, మనం ఏ మాటంటే దానికి తథాస్తు అనే దేవతల మీద బాబాయికి ఉన్న భయం మా వంశంలో అందరికీ తెలుసు. కుర్రతనంలో ఒక సాయంత్రం తన సైకిలును, "నీ చక్రం విరిగిపోనూ" అని తిట్టాడట. కాలవగట్టు దాటకముందే విరిగింది. సైకిలుతోపాటు ఆయనా కాలవలో తేలాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దుగూకే వేళ కాసేపు మౌనం. మా ఇంటికి శుక్రవారం మొత్తంలో దొరికే ప్రశాంతత ఆ కాసేపే.

"వాళ్ళు ఇంత దూరం వచ్చేత్తారంటావా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఆవిరి ఎక్కడుంటే అక్కడికి వస్తారటండి" అంది మా ఆవిడ. ఆ ముక్క ఎవరు చెప్పారో నాకు ఇంతవరకూ తెలియదు.

బాబాయి వంటింటి వైపు చూశాడు. పొగలో గరిటె పట్టుకుని కదలకుండా కూర్చున్న అక్క నాక్కూడా దేవతల తరఫు మనిషిలాగే కనబడింది. ఆయన చెప్పులు విడిచి, మెల్లగా వచ్చి సోఫాలో కూర్చున్నాడు.

ఆ తర్వాత తెలిసింది మాకు, వంకలు తీసేస్తే బాబాయి దగ్గర మాటలు మిగలవని. పాపం ప్రయత్నించాడు.

"ఇవాళ బస్సు..." అని ఆగాడు. ఆలోచించాడు. "ఇవాళ బస్సు వచ్చింది" అన్నాడు.

"సంతోషం బాబాయ్."

"మా గదిలో కడపాయన లేడూ, ఆయన..." మళ్ళీ ఆగాడు. చాలాసేపు వెతికాడు. "ఆయన ఉన్నాడు."

భోజనాల వేళయింది. మా ఆవిడ వడ్డించింది. ఆ రోజు వంట ఏమిటో నేను ముందు అడగలేదు. అడిగి ఉంటే ఆపేవాణ్ణేమో, ఆపకపోదునేమో కూడా. వేడి వేడి గంజన్నం. వెల్లుల్లి వేసి తిప్పిన ఆకుకూర. వణుకుతున్న గుడ్డు. పళ్ళెం నిండా ఆవిరి మీద ఉడికిన చేప. నంజుకోవడానికి ఆవకాయ కూడా లేదు. బాబాయి కంచంలోకి చూశాడు. నా వైపు చూశాడు. వంటింట్లో బుసలు కొడుతున్న గిన్నె వైపు చూశాడు. కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"గంజన్నం ఎలా ఉంది మావయ్యగారండీ?"

బాబాయి ముద్ద మింగాడు. "వేడిగా ఉంది."

"ఆకుకూర?"

"పచ్చగా ఉంది."

"మరి చేపండీ?"

ఈసారి చాలా ఆలస్యమైంది. ఆయన మెడ నరాలు కనబడ్డాయి. "చేపే" అన్నాడు.

నాకు దగ్గు వచ్చింది. మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళాను. పొయ్యి దగ్గరున్న అక్క, ఆయన ఏమంటున్నాడని నన్ను అడిగింది. చాలా బాగుందంటున్నాడని చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. కుర్చీ దిగి వచ్చి, వాళ్ళల్లో పెద్దవాళ్ళకు మర్యాద చేసినట్టు, చేప తలకాయ తీసి స్వయంగా బాబాయి కంచంలో పెట్టింది. గోదావరి మనిషి, తలకాయ విలువ తెలిసినవాడు. చెంపకండ విడదీసి నోట్లో పెట్టుకుని, ఏమరుపాటున, "ఊఁ" అన్నాడు. రెండేళ్ళలో మా ఇంట్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పొగడ్త అదే. అన్న వెంటనే సర్దుకున్నాడు.

మా ఆవిడ అక్కడితో ఆగి ఉంటే ధర్మంగా ఉండేది. చారు తెచ్చి గ్లాసులో పోసింది. ఆ చారులో ఉప్పు లేదు. మర్చిపోయి కాదు.

బాబాయి ఒక గుక్క తాగాడు. కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. గ్లాసును వెలుగుకు ఎత్తి చూశాడు.

"చారు తేటగా ఉంది" అన్నాడు. కాసేపాగి, చాలా వినయంగా, "అమ్మాయ్, ఉప్పు అడగడం వంక పెట్టడం కిందికి వత్తాదా? ఓసారి ఆవిణ్ణి కనుక్కో" అన్నాడు.

మా ఆవిడ వెళ్ళి అక్కతో ఏదో మాట్లాడింది. ఉప్పు డబ్బా పైనున్న బల్ల మీద ఉందని అక్క వేలు పెట్టి మరీ చూపించడం నాకు గుమ్మంలోంచి కనబడుతూనే ఉంది.

"వంక పెట్టడం కిందికే వస్తుందంటున్నారండీ" అంది మా ఆవిడ తిరిగొచ్చి.

బాబాయి చారు ఆఖరి బొట్టు దాకా తాగాడు. నాకు జాలేసింది. జాలిపడి ఏం చేశానంటే, నేనూ తాగాను.

మధ్యాహ్నమంతా ఆయన సోఫాలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కర్టెన్లు ఒక పక్కకు వంకరగా ఉన్నాయి, నేనే కట్టాను. వాటిని చూడకుండా ఉండటానికి కళ్ళు మూసుకున్నాడు. అక్క అప్పుడప్పుడూ తొంగి చూసి, ఇంత నిదానమైన పెద్దమనిషిని నేను ఈ దేశంలో చూడలేదు అని మా ఆవిడతో అంది.

ఎండ వాలుతుండగా అక్క మూత ఎత్తింది. పిండి పొద్దున తెల్లగా లోపలికి వెళ్ళింది, ఇప్పుడు ముదురు బెల్లం రంగులో, అద్దంలా మెరుస్తూ ఉంది. పుల్ల గుచ్చి చూసింది. మధ్యలో కూడా ఉడికింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. గబగబా వచ్చి బాబాయి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపేసింది. ఇదంతా ఈ పెద్దాయన మంచి నోటి చలవేనంది. ఆ నోటిని ఎవరైనా మంచి నోరు అనడం మా వంశ చరిత్రలో అదే మొదలు. ఆ సంతోషంలో అక్క ఒక డబ్బా కేకు ఆయనకే ఇచ్చేసింది, ఊరికి పట్టుకెళ్ళమని. చల్లారి గట్టిపడితే నెలల తరబడి పాడవదట.

"ఇక మాటాడొచ్చా?" అని అడిగాడు బాబాయి. గొంతు బొంగురుపోయి ఉంది.

మా ఆవిడ అక్కను అడిగింది. మూత తీశాక ఇక ఏమీ పట్టింపు లేదని, ఎవరు ఏమైనా అనుకోవచ్చని అక్క ఇంగ్లీషులో గలగలా చెప్పింది. బాబాయికి గోదాములో వాడే ఇంగ్లీషు మాత్రమే వచ్చు. అందులో అంకెలూ, పగిలిన వస్తువుల పేర్లూ ఉంటాయి. ఆయన మా ఆవిడ మొహం చూశాడు.

"ఈ డబ్బాలో కేకు ముక్క మిగిలినంత కాలం పట్టింపు ఉంటుందట మావయ్యగారండీ. డబ్బా తీసుకున్నవాళ్ళ నోటికే" అంది మా ఆవిడ.

నేను మా ఆవిణ్ణి చూశాను. ఆవిడ కిటికీ చూసింది.

బాబాయి తెలివైనవాడు. వెంటనే డబ్బా మూత తీసి అక్కడికక్కడే తినెయ్యబోయాడు. అక్క చెయ్యి అడ్డుపెట్టింది. అది ఆరాలి, పండగ దాకా ముట్టకూడదు. పారెయ్యడానికి ఆయనకు మనసొప్పదు. చేతికి అందిన సరుకు చేరవలసిన చోటికి చేర్చకపోవడం ఆయన జీవితంలో జరగలేదు.

"అత్తయ్యగారికి ఇవ్వండి" అంది మా ఆవిడ. ఆయన ఆ డబ్బాను టవల్లో చుట్టుకుని బస్సెక్కాడు. ఆ వారమే ఊరెళ్ళిపోయాడు.

తర్వాత మాకు ఏ కబురూ లేదు. మా ఊళ్ళో ఫోను లేదు. క్యాసెట్టు రాలేదు. మొదట్లో మా ఆవిడ హుషారుగానే ఉంది. రోజులు గడిచేకొద్దీ తగ్గింది. ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మంచం కింది పెట్టె బయటికి తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ లోపలికి తోస్తోంది. ఆ రాత్రి భోజనంలో రెండు కూరలు, పప్పు, పచ్చడి, పులుసు ఉన్నాయి. ఇప్పట్నుంచీ అలవాటు చేసుకోవాలి కదండీ అంది. నేను సగం కంచంలోనే వదిలేశాను. బాగోలేక కాదు.

బాబాయి సెలవు ముగించుకుని వచ్చాడు. శుక్రవారం తలుపు తట్టాడు. మా ఆవిడ హమూర్ చేప తెచ్చి, చింతపండు పోసి, మట్టిపాత్ర లేదు కాబట్టి అల్యూమినియం దబరలోనే పులుసు పెట్టింది. వడ్డించి, గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఊళ్ళో ఏమన్నారు బాబాయ్?" అన్నాను.

"ఏవంటారు. నన్ను చూసి భయపడ్డారు" అన్నాడు ముద్ద కలుపుతూ. "అరుగు మీద అందరూ చేరారు. మీ అమ్మ అడిగింది, కోడలి వంట ఎలాగుంటాది మరిదీ అని. ఎదురుగా డబ్బా ఉంది కదరా. వేడిగా ఉంటాది వదినా అన్నాను. ఇంకా అంది. పచ్చగా ఉంటాది అన్నాను. ఇంకా చెబుతానేమోనని అందరూ చూత్తన్నారు. నేను ఆకాశం చూత్తన్నాను. మీ నాన్న లేచొచ్చి నా నుదురు మీద చెయ్యేసి చూశాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఆ కేకు అయిపోతే గానీ నాకు విడుదల లేదు. తినేద్దామంటే మీ అమ్మ తిననివ్వదు. ఫారిన్ మిఠాయి అని బియ్యం డబ్బాలో దాచింది. రాయిలాగైపోయింది. కత్తిపీట మీద గోరంత ముక్క కోసి వచ్చినోళ్ళకి పెడతాది. నేను రోజూ అడిగేవోణ్ణి. వదినా ఓ ముక్క పెట్టు, వదినా ఇంకో ముక్క పెట్టు అని. మీ నాన్న నమ్మేశాడు. వీడు దేన్నీ రెండోసారి అడిగి ఎరగడు, అలాంటోడు ఇంతగా దేవిరిత్తన్నాడంటే అమ్మాయి చేతిలో ఏదో ఉందన్నాడు."

"అత్తయ్యగారో?" అంది మా ఆవిడ.

"ఆవిడ నమ్మలేదు. నేను బయల్దేరే ముందు రోజు పక్కకి పిల్చి, ఏం చేసింది మరిదీ ఆ పిల్ల నిన్ను అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిరి, గరిటె, ఉప్పులేని చారు, అంతా. వంక పెట్టలేదు, జరిగింది చెప్పానంతే. ఆవిడ ద్వారబంధం పట్టుకుని అలా నవ్వుతానే ఉంది. ఎంతకీ ఆపదే. ఆపి, నీతో ఇలా చెప్పమంది."

మా ఆవిడ గరిటె కదల్లేదు.

"ఆ అమ్మాయిని అక్కడే ఉండనియ్యి. ఇక్కడికొస్తే రేపు నా నోటికి కూడా మూతేసి కింద మంట పెడతాది అంది. ఏంటో, ఆవిడ మాటలు నాకర్థం కాలేదు."

నేను మంచినీళ్ళ గ్లాసు అక్కర్లేకపోయినా ఎత్తి తాగాను.

"ఆఖరి ముక్క విమానం ఎక్కబోతా నేనే నమిలి మింగాను" అన్నాడు బాబాయి, పన్ను ఒకటి నాలుకతో తడుముకుంటూ. "ఇక నాకు అడ్డు లేదు. అమ్మాయ్, ఈ పులుసు ఉంది చూడు. చింతపండు పాతది. చేప ముదురు. మెంతులు వేశావు సరే, వేయించడం ఎవరు నేర్పారు నీకు? ఆ కర్టెన్లు ఇంకా అలాగే ఉన్నాయా? ఒరే, నువ్వేంట్రా ఇంకా చిక్కావు?"

మా ఆవిడ పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, పులుసు దగ్గర్నుంచి గోడల దాకా ఆయన చెప్పిందంతా, మధ్యమధ్య "ఆయ్, అవునండీ" అంటూ, ఒక్క ముక్క వదలకుండా విన్నది.